పీ0016 అంటే చైన్ పోయినట్టేనా?

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే ఇప్పుడు ముందుగా బానెట్ ఎత్తేవాళ్లు తక్కువ. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో స్కానర్ పెట్టి, తెర మీద వచ్చిన నంబరు చూస్తారు. ఇంజిన్ టైమింగ్‌కు సంబంధించి తరచుగా కనిపించే నంబర్లు కొన్ని ఉన్నాయి: పీ0011, పీ0016, పీ0335, పీ0340. నంబరు కనిపించగానే దానికో పార్టు జత చేసి, ఆ పార్టు మార్చేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. పీ0340 వస్తే క్యామ్ సెన్సర్ మార్చు, పీ0016 వస్తే టైమింగ్ చైన్ మార్చు. మొదటిదానికి ఖర్చు తక్కువ కనుక అంచనా తప్పినా యజమాని సర్దుకుపోతాడు. రెండోదానికి ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి. విప్పి, కొత్త చైన్ వేసి, తిరిగి బిగించాక అదే కోడ్ మళ్లీ వచ్చిందంటే మెకానిక్ మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క ఉండదు.

నిజానికి ఈ కోడ్‌లు ఏ పార్టు పోయిందో చెప్పవు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు ఒక కొలత ఎంత ఉండాలో ముందే తెలుసు. సెన్సర్ల నుంచి అందే కొలత దానితో సరిపడకపోతే ఆ తేడాను నమోదు చేసుకుంటుంది. కోడ్ అంటే ఆ నమోదే. తేడా తీగలో పుట్టిందా, ఆయిల్‌లో పుట్టిందా, ఇనుములో పుట్టిందా అన్నది పరీక్షించి తేల్చాలి. ఆ పరీక్షలు ఏ వరసలో జరగాలో తెలియాలంటే టైమింగ్ అంటే ఏమిటో కాస్త వివరంగా చూడాలి.

జర్మనీలో నికోలస్ ఆటో 1876లో నడిపి చూపిన నాలుగు స్ట్రోకుల పద్ధతే నేటి పెట్రోలు కార్లకూ ఆధారం. పిస్టన్ ఒకసారి గాలిని పీల్చుకుంటుంది, ఒకసారి అదుముతుంది, మండిన వాయువు తోస్తే ఒకసారి దిగుతుంది, ఒకసారి పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు పనులకూ క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. ఆ రెండు చుట్లలో ప్రతి వాల్వూ ఒక్కసారే తెరుచుకోవాలి. అందుకని వాల్వులను నొక్కే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్ వేగంలో సరిగ్గా సగం వేగంతో తిరుగుతుంది. క్రాంక్ స్ప్రాకెట్‌కు 20 పళ్లుంటే క్యామ్ స్ప్రాకెట్‌కు 40 ఉంటాయి. ఈ రెంటినీ కలిపి ఉంచేది చైన్ లేదా బెల్టు. మన మారుతి 800లో బెల్టు ఉండేది. ఆ తరవాత వచ్చిన కె-సిరీస్ ఇంజిన్లలో చైన్ వచ్చింది.

తెరుచుకుంటే చాలదు, వేళకు తెరుచుకోవాలి. గాలి వాల్వు పిస్టన్ అడుగుకు చేరగానే మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. లోపలికి దూసుకొస్తున్న గాలికి తన వేగం తనకుంటుంది. పిస్టన్ పైకి మళ్లిన తరవాత కూడా కొంతసేపు అది సిలిండర్‌లోకి వస్తూనే ఉంటుంది. ఆ గాలిని వదులుకోకుండా ఉండటానికి వాల్వును అడుగు దాటి కొన్ని పదుల డిగ్రీలు తిరిగాక మూస్తారు. స్పార్కు సంగతి దీనికి తలకిందులు. మంట సిలిండర్ అంతా పాకడానికి సమయం పడుతుంది కనుక పిస్టన్ పైకొసకు చేరకముందే నిప్పు పెట్టాలి. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక చుట్టుకు పట్టేది సెకనులో వందో వంతు. అందులో ఒక్క డిగ్రీకి దక్కేది సుమారు 28 మైక్రో సెకన్లు. ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరిచి మూసుకుంటుంది. ఈ వేగంలో పదీ పదిహేను డిగ్రీల తేడా వస్తే గాలి సరిగా నిండదు, పికప్ పోతుంది, పొగలో విషవాయువులు పెరుగుతాయి. తేడా మరీ ఎక్కువైతే, కొన్ని ఇంజిన్లలో తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి కొడుతుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ రోజుల్లో టైమింగ్ అనగానే మెకానిక్ చెయ్యి డిస్ట్రిబ్యూటర్ మీదికి వెళ్లేది. బోల్టు వదులు చేసి, ఇంజిన్ శబ్దం వింటూ, కాస్త అటూ ఇటూ తిప్పి, తేలిగ్గా పలికిన చోట బిగించేవాళ్లు. అది స్పార్కు టైమింగ్. వాల్వు టైమింగ్ మార్కులు కలిపి బిగిస్తే మళ్లీ ఇంజిన్ విప్పేదాకా దాని జోలికి పోనక్కర్లేదు. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ లేదు, స్పార్కు ఎప్పుడు పడాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. అంతకన్నా పెద్ద మార్పు, ఇంజిన్ నడుస్తుండగానే వాల్వు టైమింగ్ కూడా మారుతోంది. మార్కులు కలవడంతో పని అయిపోదు. కదలాల్సినప్పుడు క్యామ్ కదలాలి, నిలవాల్సినప్పుడు నిలవాలి.

కంప్యూటర్‌కు కళ్లు రెండు: క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్. క్రాంక్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రం ఉంటుంది. దాని అంచుకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ దూరంలో సెన్సర్ బిగించి ఉంటుంది. చాలా కార్లలో ఆ చక్రం చుట్టూ 60 పళ్లకు చోటుంటుంది కానీ పళ్లు 58 మాత్రమే ఉంటాయి. రెంటిని కావాలనే వదిలేస్తారు. పన్నుకూ పన్నుకూ మధ్య 6 డిగ్రీలు. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే చుట్టుకు 75 మిల్లీ సెకన్లు, పన్నుకు ఒకటింపావు మిల్లీ సెకను పడుతుంది. వరసగా ఒకటింపావుకొకటి చొప్పున పళ్లు దాటుతూ, ఉన్నట్టుండి మూడు ముప్పావు మిల్లీ సెకన్ల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీయే కంప్యూటర్‌కు మైలురాయి. అక్కడి నుంచి పళ్లు లెక్కపెట్టుకుంటూ పిస్టన్లు ఎక్కడున్నాయో తెలుసుకుంటుంది. ఫోర్డ్ చాలా ఇంజిన్లలో 36 చోట్లకు 35 పళ్ల చక్రం వాడింది. లెక్క వేరైనా సూత్రం అదే.

అయితే ఒక చిక్కుంది. పిస్టన్ పైకొసకు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది: ఒకసారి గాలిని అదిమి, మరోసారి పొగను నెట్టి. ఇప్పుడు వచ్చింది ఏ విడతో క్రాంక్ సెన్సర్ చెప్పలేదు. క్యామ్ రెండు చుట్లకు ఒకసారే తిరుగుతుంది కనుక క్యామ్ సెన్సర్ చెప్పగలదు. లక్షణాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. క్రాంక్ సెన్సర్ పూర్తిగా మూగబోతే చాలా కార్లలో సెల్ఫ్ తిరుగుతుంది కానీ బండి స్టార్ట్ కాదు. క్యామ్ సెన్సర్ మూగబోతే సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పించుకుని, కంప్యూటర్ ఏదో ఒక అంచనాకు వచ్చాక స్టార్ట్ అవుతుంది.

ఇక కదిలే క్యామ్ సంగతి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు నప్పే వాల్వు టైమింగ్ హైవే వేగానికి నప్పదు. ఈ ఇబ్బందిని తప్పించే యంత్రాంగాన్ని మార్కెట్లోకి వచ్చిన కార్లలో మొదట పెట్టింది ఆల్ఫా రోమియో, 1980లో, తన స్పైడర్ మోడల్లో. 1990ల నడుమ టయోటా వీవీటీ-ఐ వచ్చాక అది మామూలు కార్లకూ పాకింది. మన దగ్గర మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లలో కూడా ఇప్పుడది సర్వసాధారణం. క్యామ్ చివర ఉండే స్ప్రాకెట్ లోపలే ఫేజర్ అనే భాగం ఉంటుంది. బయటి డొల్లను చైన్ తిప్పుతుంది, లోపలి రెక్కల చక్రం క్యామ్‌కు బిగించి ఉంటుంది. ఈ రెంటి మధ్య ఖాళీల్లోకి ఇంజిన్ ఆయిల్‌ను ఒత్తిడితో పంపుతారు. రెక్కకు ఒక వైపు ఆయిల్ నిండితే క్యామ్ ముందుకు జరుగుతుంది, రెండో వైపు నిండితే వెనక్కి జరుగుతుంది. ఏ వైపు ఎంత పంపాలో తేల్చేది విద్యుత్తుతో పనిచేసే ఒక చిన్న ఆయిల్ కంట్రోల్ వాల్వు. ఇంజిన్ ఆగినప్పుడు, ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు ఫేజర్ అటూ ఇటూ కొట్టుకోకుండా ఒక లాక్ పిన్ దాన్ని మొదటి స్థానంలో పట్టి ఉంచుతుంది. అంటే నేటి కార్లలో ఇంజిన్ ఆయిల్ రాపిడి తగ్గించడంతో పాటు టైమింగ్‌ను జరిపే చెయ్యి కూడా తానే అయింది. టైమింగ్ కోడ్‌ల గురించి ఒకే ఒక్క మాట గుర్తుపెట్టుకోవాల్సి వస్తే నేను ఈ మాటే ఎంచుకుంటాను.

ఈ కోడ్‌లు మెకానిక్ సౌకర్యం కోసం పుట్టలేదు, గాలి కాలుష్యం కోసం పుట్టాయి. కారే తన లోపాలను కనిపెట్టి నమోదు చేసుకోవాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1988 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది. 1996 నుంచి అమెరికా అంతటా ఈ పద్ధతి రెండో తరం, ఓబీడీ-2, తప్పనిసరి అయింది. సాకెట్ ఒకటే, కోడ్ భాష ఒకటే. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో వచ్చింది. భారతదేశంలో బీఎస్-4తో పాటు 2010లో మొదటి దశ, 2013లో రెండో దశ, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాయి. మొదటి అక్షరం పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్సు వర్గం. తరవాతి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న కోడ్, ఒకటి అంటే ఆ కంపెనీ సొంతం. పుట్టుక ఇదైనప్పుడు, కంప్యూటర్‌కు ముఖ్యం పొగ చెడిపోయే అవకాశం ఉందా లేదా అన్నదే. ఏ పార్టు కొనాలో చెప్పడం దాని బాధ్యత కాదు.

టైమింగ్ కోడ్‌లను మూడు రకాల ఫిర్యాదులుగా చూడొచ్చు. సెన్సర్ సంకేతం అందడం లేదు, లేదా తీగల్లో తేడా ఉందన్నది ఒకటి: పీ0335 క్రాంక్‌ది, పీ0340 క్యామ్‌ది, పీ0010 ఆయిల్ వాల్వు తీగలది. నేను జరగమన్నంత క్యామ్ జరగడం లేదన్నది రెండోది: పీ0011 అంటే గాలి వాల్వులను నడిపే ఇన్‌టేక్ క్యామ్ ఉండాల్సిన చోటుకన్నా ముందుంది, పీ0012 అంటే వెనకబడింది, పీ0014, పీ0015 పొగ వాల్వులను నడిపే ఎగ్జాస్ట్ క్యామ్‌కు చెందినవి. క్రాంక్ మాట, క్యామ్ మాట పొసగడం లేదన్నది మూడోది: పీ0016, పీ0017, వీ ఆకారపు ఇంజిన్లలో రెండో వరసకు పీ0018, పీ0019.

మొదటి రకంలో ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. సెన్సర్ కొనేముందు తీగ చూడాలి. మన దగ్గర ఆరుబయట నిలిపిన కార్లలో ఎలుకలు కొరికిన వైరింగ్ ఎంత మామూలో ఏ ఎలక్ట్రీషియన్‌ను అడిగినా చెబుతాడు. నీళ్లు తగిలి కనెక్టర్‌లో పచ్చగా కిలుము పట్టడం మరొకటి. మూడు తీగల హాల్ సెన్సర్ అయితే కరెంటు వస్తోందా, ఎర్త్ గట్టిగా ఉందా, చక్రం తిరిగితే సంకేతం మారుతోందా అన్నవి మల్టీమీటరుతో నిమిషాల్లో తేలతాయి. కొంచెం తలనొప్పి తెప్పించేది వేడికి మొరాయించే క్రాంక్ సెన్సర్. చుట్ట తీగలో సన్నటి చీలిక ఉంటే చల్లగా ఉన్నప్పుడు కొసలు తాకి పనిచేస్తుంది, ఇంజిన్ వేడెక్కాక విడిపోతుంది. బండి ట్రాఫిక్‌లో ఆగిపోతుంది, అరగంట నీడలో ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. వర్క్‌షాపుకు చేరేసరికి అంతా బాగానే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే బిగించి ఉండగానే సెన్సర్‌ను వేడి చేసి సంకేతం చూడాలి.

రెండో రకానికి వచ్చేసరికి చూపు ఆయిల్ మీదికి వెళ్లాలి. పీ0011 కనిపిస్తే ముందు చేయాల్సింది డిప్‌స్టిక్ బయటికి తీయడం. మట్టం తక్కువైతే ఫేజర్‌కు చాలినంత ఒత్తిడి అందదు. మార్చాల్సిన గడువు దాటిన ఆయిల్ గసిలా మారి సన్నటి దారులను మూసేస్తుంది. కంపెనీ 5డబ్ల్యూ-30 పోయమన్న ఇంజిన్‌లో, బండి పాతబడింది కదా అని 20డబ్ల్యూ-50 పోస్తే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిల్ ఫేజర్‌లోకి చేరడానికే ఆలస్యమవుతుంది. కంప్యూటర్ ఆ ఆలస్యాన్ని లోపంగా లెక్కిస్తుంది.

ఆయిల్ బాగుంటే కంట్రోల్ వాల్వు. చాలా ఇంజిన్లలో అది హెడ్ పక్కన ఒక్క బోల్టుతో నిలిచి ఉంటుంది. విప్పి లాగితే బొటనవేలి పొడవున ఒక లోహపు కడ్డీ బయటికి వస్తుంది. దాని మీద ఆయిల్ వెళ్లే గాళ్లు ఉంటాయి. కొన్నింటిలో వాటి మీదో, ఆయిల్ దారిలో విడిగానో దోమతెరకన్నా సన్నటి జాలి ఉంటుంది. నిర్లక్ష్యం చేసిన ఇంజిన్‌లో ఆ జాలి నల్లటి గసి పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తే ఒక్క రంధ్రమూ కనిపించదు. వాల్వు చుట్ట నిరోధం చాలా టయోటా ఇంజిన్లలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 ఓముల ప్రాంతంలో ఉండాలి. కాసేపు బ్యాటరీ తగిలిస్తే లోపలి కడ్డీ టక్కున జరగాలి. సగం జరిగి ఆగిందంటే దొంగ దొరికినట్టే.

విప్పకుండా చేసే పరీక్ష ఇంకా మంచిది. కాస్త మంచి స్కానర్‌లో క్యామ్ ఎంత జరగాలి, ఎంత జరిగింది అన్న రెండు కొలతలు పక్కపక్కనే కనిపిస్తాయి. యాక్సిలరేటర్ తొక్కగానే మొదటిది 20 డిగ్రీలకు వెళ్తే రెండోది వెంటనే దాన్ని అందుకోవాలి. నింపాదిగా పాకుతూ వెళ్తే ఆయిల్ దారినో, జాలినో అనుమానించాలి. అసలు కదలకపోతే వాల్వునో, ఫేజర్‌నో చూడాలి. వెళ్లి తిరిగి రాకపోతే ఇరుక్కుపోయిందన్నమాట. ఐడిల్‌లో ఉన్న ఇంజిన్‌కు స్కానర్ నుంచే క్యామ్‌ను పూర్తిగా ముందుకు జరపమని ఆదేశం ఇవ్వొచ్చు. అప్పుడు ఇంజిన్ గడగడలాడి ఆగబోవాలి. అలా ఇబ్బంది పడిందంటే వాల్వు, ఆయిల్ దారి, ఫేజర్ మూడూ పనిచేస్తున్నట్టే. ఆదేశం ఇచ్చినా చెక్కుచెదరకుండా నడుస్తోందంటే లోపం ఆ మూడింట్లోనే ఎక్కడో ఉంది.

మూడో రకం పీ0016. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. చైన్ సాగిందంటారు. ఉక్కు సాగడం కాదు అది. లింకులను కలిపే పిన్నులూ, వాటి రంధ్రాలూ అరిగి, ప్రతి కీలులోనూ కొద్దికొద్దిగా ఖాళీ చేరుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. లింకు పొడవు 8 మిల్లీమీటర్లు, క్యామ్ స్ప్రాకెట్‌కు 40 పళ్లు అనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 320 మిల్లీమీటర్లు. క్రాంక్ నుంచి క్యామ్‌కు బిగువుగా ఉండే వైపున 50 లింకులున్నాయి, ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగింది. మొత్తం ఒక మిల్లీమీటరు. 320 మిల్లీమీటర్లకు 360 డిగ్రీలు కనుక క్యామ్ ఒక డిగ్రీ పైచిలుకు వెనకబడుతుంది. క్రాంక్ లెక్కలో అది రెండుంపావు డిగ్రీలు. అరుగుదల ముదిరి నాలుగు రెట్లయితే తొమ్మిది డిగ్రీలు. ఇంకో రకం తేడా చైన్ ఒక పన్ను దాటడం. 20 పళ్ల క్రాంక్ స్ప్రాకెట్ మీద ఒక పన్ను అంటే ఒక్కసారిగా 18 డిగ్రీలు. అరుగుదల మెల్లగా పెరుగుతుంది, పన్ను దాటడం అంచెలుగా జరుగుతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే ఇంజిన్ విప్పకుండానే చాలా తెలుసుకోవచ్చు. రెండు చానెళ్ల ఆసిలోస్కోప్‌లో ఒకదానికి క్రాంక్ సంకేతం, రెండోదానికి క్యామ్ సంకేతం కలపాలి. తెర మీద పైన 58 పళ్ల దువ్వెన, మధ్యలో ఖాళీ, కింద క్యామ్ గీసే మెట్లు కనిపిస్తాయి. అదే మోడల్ మంచి బండిలో ఖాళీ తరవాత పదో పన్ను దగ్గర క్యామ్ మెట్టు పడుతోందనుకుందాం. అనుమానం ఉన్న బండిలో అది పదమూడో పన్ను దగ్గర పడితే తేడా 18 డిగ్రీలు. చైన్ పన్ను దాటిన లెక్కకు అతికినట్టు సరిపోయింది, ముందు కవరు విప్పడానికి ధైర్యం చేయొచ్చు. పన్నెండో పన్ను దగ్గర పడితే తేడా 12 డిగ్రీలు. పన్ను దాటిందనడానికి చాలదు, మామూలు అరుగుదలకు ఎక్కువ. అప్పుడు ఫేజర్ లాక్ పిన్ తన చోట పడిందా, క్యామ్ మీది సంకేత చక్రం జరిగిందా, క్రాంక్ పుల్లీ జారిందా అని చూడాలి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కు కీ ఉండదు, మధ్య బోల్టు బిగువు మీదే అది నిలబడాలి. ఆ బోల్టును ఎవరైనా అంతకుముందు విప్పి చెప్పిన బిగువుకు తేకుండా వదిలేస్తే చైన్ కొత్తదైనా టైమింగ్ తప్పుతుంది. అందుకే పీ0016 వచ్చిన బండి యజమానిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ మధ్య ఇంజిన్ ఎవరైనా విప్పారా?

కోడ్‌లు గుంపుగా వస్తే ఇంకా మంచిది, వాటి పొందికే దారి చూపిస్తుంది. ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలో జనరల్ మోటార్స్ 3.6 లీటర్ల వీ6 ఇంజిన్. 2004 క్యాడిలాక్ సీటీఎస్‌తో మొదలైన ఈ ఇంజిన్ కుటుంబంలో చైన్లు మూడు. క్రాంక్ నుంచి ఒక పెద్ద చైన్ రెండు మధ్య స్ప్రాకెట్లను తిప్పుతుంది, వాటి నుంచి ఒక్కో వరసకు ఒక్కో చిన్న చైన్ వెళ్తుంది. పీ0016 నుంచి పీ0019 వరకు నాలుగూ కలిసి వస్తే నాలుగు క్యామ్‌లూ ఒకేసారి చెడిపోయాయనుకోవడం అవివేకం. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న పెద్ద చైన్‌నో, క్రాంక్ వైపునో అనుమానించాలి. పీ0018, పీ0019 మాత్రమే వస్తే రెండో వరస చిన్న చైన్. పీ0017 ఒక్కటే వస్తే మొదటి వరస ఎగ్జాస్ట్ క్యామ్, దాని ఫేజర్. ఈ ఇంజిన్ ఉన్న కొన్ని మోడళ్లలో చైన్లు తొందరగా అరిగిపోతున్నాయని తేలాక కంపెనీ వాటికి వారంటీ పొడిగించింది. దానితో పాటు, ఆయిల్ మార్చమని డ్రైవరుకు గుర్తుచేసే సాఫ్ట్‌వేర్‌ను మరింత తొందరగా హెచ్చరించేలా సవరించింది. చైన్ జబ్బుకు మందు ఆయిల్ మార్పిడి గడువులో వెతికారంటే, అరుగుదలకూ ఆయిల్‌కూ ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో తెలుస్తోంది.

చైన్ అరిగిందో లేదో చెప్పే గుర్తు మరొకటి ఉంది. చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమని శబ్దం వచ్చి ఆగిందంటే, ఆయిల్ చేరేదాకా చైన్ వదులుగా కొట్టుకుందని అర్థం. కొన్ని ఇంజిన్లలో చిన్న మూత తీసి టెన్షనర్ ఎన్ని గాట్ల మేర బయటికి వచ్చిందో చూడొచ్చు. ఎంత ఎక్కువ బయటికి వస్తే చైన్ అంత అరిగినట్టు. పీ0016 ఉండి, పొద్దున శబ్దమూ ఉంటే ఆ బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి చూడకూడదు. పిస్టన్, వాల్వు తగిలే రకం ఇంజిన్ అయితే పన్ను దాటిన చైన్ ఒక్క సెల్ఫ్‌లో వాల్వులన్నీ వంచేయగలదు. లాగించుకుని వెళ్లడమే చవక.

పరీక్షలన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, అదే ఎక్కువగా తప్పిపోతోంది. కోడ్ పడిన క్షణాన ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, బండి ఎంత వేగంతో వెళ్తోంది అన్న వివరాలను కంప్యూటర్ దాచుకుంటుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. పీ0011 చల్లటి ఇంజిన్ మీద పడితే చిక్కటి ఆయిల్ వైపూ, బాగా వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు పడితే ఒత్తిడి చాలని పలచటి ఆయిల్ వైపూ మొగ్గు చూపొచ్చు. స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపేసి “మళ్లీ వస్తే చూద్దాం” అనేవాళ్లు ఈ సాక్ష్యాన్ని కూడా చెరిపేస్తున్నారు. పైగా చాలా లోపాలను కంప్యూటర్ ఒక్కసారికే లైటు వేసి చెప్పదు. వరసగా రెండో ప్రయాణంలోనూ కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. చెరిపిన తరవాత లైటు వెంటనే రాలేదంటే బాగైందని కాదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లి పాత కారుతో మొదలుపెట్టే మన పిల్లలకూ, ఇక్కడ పాత కార్ల మేళాల్లో బేరమాడేవాళ్లకూ ఒకటే సూచన. లైటు వెలగడం లేదని సంతోషపడక, స్కానర్‌లో కంప్యూటర్ తన సొంత పరీక్షలు పూర్తిచేసిందో లేదో చెప్పే రెడీనెస్ మానిటర్లు చూడండి. వాటిలో చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే ఈ మధ్యనే ఎవరో కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. అమెరికాలో పెద్ద విడిభాగాల దుకాణాలు చాలావాటిలో కోడ్‌ను ఉచితంగా చదివి పెడతారు. చదివిన కాగితం తీసుకోండి. దానితో పాటు వాళ్లు చూపించే పార్టు అప్పుడే కొనకండి.

తప్పంతా మెకానిక్‌దే అనడం న్యాయం కాదు. మన దగ్గర పార్టుకు డబ్బిస్తారు, బిగించినందుకు కూలి ఇస్తారు. రెండు గంటలు కూర్చుని ఆసిలోస్కోప్‌తో లోపం ఫలానా చోట ఉందని తేల్చినవాడికి, “ఏమీ మార్చలేదు కదా, డబ్బెందుకు?” అంటారు. పరీక్షకు విలువ లేనిచోట పార్టులే మారతాయి. కాబట్టి చైన్ మార్చాలని ఎవరైనా చెబితే ఏ కొలత చూసి ఆ మాట అంటున్నారో అడగండి, ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించమనండి, ఉండాల్సిన క్యామ్ డిగ్రీలూ ఉన్న డిగ్రీలూ కాగితం మీద రాయించుకోండి. ఆ వివరాలు చెప్పగలిగిన మెకానిక్ పరీక్షకు విడిగా రుసుము అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.